ఊరుకోమన్నారు కదా

సూరి బావ గేటు గడియ తీస్తూనే, "ఒసే ఊరగాయ్, ఉన్నావేటే?" అని వీధంతా వినబడేలా కేకేశాడు. నేనేమో డెబ్భయ్యో పడిలో పడ్డదాన్ని. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పక్కింటి పిల్లలు నన్ను టీచరమ్మమ్మ అంటారు. నన్ను ఒసే అనే హక్కున్న వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక మా మేనమామ కొడుకు సూరి బావ ఒక్కడూ మిగిలాడు. నౌపడ నుంచి పొద్దుటి రైలుకి విజయనగరం వచ్చాడట. చంకలో గోనెగుడ్డ చుట్టిన బరువేదో ఉంది. నిద్రపోతున్న చంటిపిల్లని దింపినట్టు దాన్ని నెమ్మదిగా అరుగు మీద దింపి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పాతిల్లు పడగొట్టీస్తన్నామే. అటక మీద సామాను దింపితే ఇది దొరికినాది. మా కోడలు పారీమన్నాది. నాను ఒప్పలేదు. ఇది నానమ్మది. నానమ్మదంటే నీదే గదేటి?"

గోనె విప్పితే జాడీ. పైసగం బెల్లం రంగు, కిందిసగం తెలుపు, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన మచ్చ. మా అమ్మమ్మ మాగాయ జాడీ. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దానిలో ఊరగాయ పెట్టి ఎన్ని ఏళ్ళయిందో ఎవరికీ తెలియదు. అయినా అడుగున ఎక్కడో పాత ఉప్పు, పసుపు, మామిడి పులుపు ఇంకా ముసుగుతన్ని పడుకుని ఉన్నాయి. నాకు ఉన్నట్టుండి ఛాతీ మధ్య పట్టేసింది.

"ఏటే, అలగైపోనావు? ఊపిరాడతన్నాదా?" అన్నాడు బావ. "ఏటీ లేదు బావా, ఎండలో నిలబడ్డాను కదా" అని లోపలికి తీసుకెళ్ళి మజ్జిగిచ్చాను. ఆయన భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. జాడీని నేను వంటింటి గూట్లో పెట్టలేదు. నా మంచం పక్కన స్టూలు మీద పెట్టుకున్నాను.

బావతో ఎండ అని అబద్ధమాడాను గానీ అది ఎండ పని కాదు. మా ఆయన పోయినప్పటి నుంచీ ఇదే వరస. కూర తరుగుతుంటే, బట్టలు మడతపెడుతుంటే, ఏ కారణమూ లేకుండా ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోయేది. లోపలికి పోనంటుంది, బయటికి రానంటుంది. ఇదిగో, ఇక్కడితో సరి అనిపించేది. మా అమ్మాయి రమ ఇదే ఊళ్ళో బ్యాంకులో పనిచేస్తోంది. అది నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పింది. ఛాతీ మీద తీగలు అంటించారు, యంత్రం మీద నడిపించారు. చివరికి డాక్టరు చిరునవ్వు నవ్వి, "గుండె మీద వంక పెట్టడానికేం లేదమ్మా. మనసు మీదే బరువుంది. ధ్యానం చేయండి" అన్నాడు. మందు రాస్తాడనుకుంటే ధ్యానం రాశాడు.

గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద, తెల్లటి పలకలు పరిచిన హాల్లో ధ్యానం నేర్పుతుంది శిరీష. మా రమకంటే చిన్నది. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. "ఊపిరిని ఏమీ చెయ్యొద్దు. వస్తుంటే చూడండి, పోతుంటే చూడండి" అంటుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, చెప్పే మాటలన్నీ నిజమే. కానీ బళ్ళోకి ఇన్‌స్పెక్టరు రాగానే అంతవరకూ గడగడా పాఠం అప్పజెప్పిన పిల్లాడు నోరు మూసుకున్నట్టు, నేను చూడబోయేసరికి నా ఊపిరి బిగుసుకుపోయేది. ఇక చేసేదేం లేక ఒక కన్ను తెరిచి, ఎవరు నడుం వంచారో, ఎవరు కునికిపాట్లు పడుతున్నారో చూస్తూ కూర్చునేదాన్ని. నలభై ఏళ్ళు పరీక్షలకి కాపలా కాసిన కళ్ళు ఊరికే ఎందుకుంటాయి?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఆయన పోయిన రోజు నుంచీ నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయా లేదా చూశాను, పెద్దకర్మకి వంటవాళ్ళతో నేనే మాట్లాడాను, కూలబడిపోయిన రమని నేనే లేవదీశాను. "ఎంత గట్టి మనిషో" అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే బాగానే ఉండేది. ఆ గట్టిదనానికీ ఈ పట్టేసే ఛాతీకీ ఏదో చుట్టరికం ఉందని జాడీ మూత తీసేవరకూ నాకు తోచలేదు.

నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్నప్పుడు మా అమ్మ పురిట్లో పోయింది. తమ్ముడో చెల్లెలో, ఆ బిడ్డా దక్కలేదు. నాన్న నన్ను నౌపడలో అమ్మమ్మ దగ్గర దింపాడు. ఊరి చివర ఇల్లు. పెరట్లోంచి చూస్తే ఆకాశం దాకా ఉప్పు మళ్ళే. మధ్యాహ్నం పూట ఆ మళ్ళ వైపు కళ్ళు విప్పి చూడలేం, అంత తెలుపు. గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు ముసుగేసుకున్న ముసలమ్మల్లా వరసగా కూర్చుని ఉండేవి. పర్లాకిమిడి వైపు వెళ్ళే చిన్న రైలు కూత దూరం నుంచి వచ్చేది. అది ఎంత మెల్లగా వెళ్ళేదంటే, కూత విన్నాక నేను పెరట్లోకి పరిగెత్తి, దడి ఎక్కి చూసినా ఇంకా వెళుతూనే ఉండేది. ఇప్పటికీ కలలో నాకు ఆ రైలు కనిపిస్తుంది. ఉప్పు మీద నీళ్ళు, నీళ్ళలో మబ్బులు, మబ్బుల్లోంచి ఆ చిన్న రైలు.

ఇంటికి ఒక వాసన ఉండేది. వంటింటి మూల తరవాణి కుండ, అంటే గంజి, అన్నం వేసి పులియబెట్టే కుండ. దాని పుల్లటి వాసన, ఎండుచేపల వాసన, అమ్మమ్మ చుట్ట వాసన, అన్నిటి మీదా ఉప్పుగాలి. అమ్మమ్మ పేరు అప్పాయమ్మ. పొద్దున్నే ఆ తరవాణిలోని చద్దన్నం ఇంత ఉల్లిపాయతో తిని, చీర మోకాళ్ళ పైకి దోపి మళ్ళకి వెళ్ళిపోయేది. తాతయ్య పోయాక మళ్ళు తనే చూసుకునేది. తెల్లవారకముందు చేసుకునే పనులు నేను లేవకముందే అయిపోయేవి కాబట్టి నాకు తెలిసిన అమ్మమ్మంతా ఎండలో కనిపించే అమ్మమ్మే. చంపల మీద ఎప్పుడూ సన్నటి తెల్లటి పొడి ఉండేది. ముద్దు పెడితే ఉప్పగా తగిలేది.

నేను మాత్రం ఏడుస్తూనే ఉండేదాన్ని. మామూలు ఏడుపు కాదు. వెక్కి వెక్కి, ఊపిరి లోపలే ఉండిపోయి, పెదాలు నీలంగా మారేదాకా. నేనూ అమ్మలాగే పోతానేమోనని ఇంట్లో అందరికీ భయం. వచ్చిన ప్రతివాళ్ళూ నా వీపు మీద చెయ్యేసి ఒకటే మాట అనేవారు. "ఊరుకో తల్లీ, ఊరుకో." నీళ్ళు మోసే ఆవిడ, రైలు స్టేషన్లో పనిచేసే మావయ్య స్నేహితులు, ఎవరొచ్చినా అదే మాట. "ఊరుకోవే గుంటా, ఊరుకో." ఆ మాటకి అర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. అమ్మమ్మ మాత్రం ఆ మాట అనేది కాదు. అసలు ఏ మాటా అనేది కాదు. కడుపున పుట్టిన కూతురు పోతే కంట చుక్క నీరు పెట్టలేదని, గుండె రాయి చేసుకుందని ఊళ్ళో చెప్పుకునేవారు. రాళ్ళుప్పు మనిషి కదా, రాయే అయిపోయింది అనేవాళ్ళూ ఉన్నారు.

మామిడికాయల కాలం వచ్చింది. పుట్టెడు దుఃఖంలో ఉన్నా ఏడాది పచ్చడి ఆగదు కదా. అమ్మమ్మ పెరట్లో పీట వేసుకుని కాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి ఇదిగో ఈ జాడీలోకి ఎత్తింది. పక్కన కూర్చుని చూస్తున్నాను.

"ముక్కలికి ఉప్పెందుకేసినావు అమ్మమ్మా?"

"ఊరాల గదే. మూడొద్దులు కదపకుండా ఒగ్గీయాల. అప్పుడు ముక్కలోని నీరంతా బయటికొస్తాది. అదే ఊట."

"ఊరకపోతే?"

"బూజట్టి సెడిపోతాది. ఊరిన ముక్కే నిలవుంటాది."

ఆ మాటతో నా చిన్న బుర్రలో ఏదో దీపం వెలిగింది. ఇన్నాళ్ళూ అందరూ నన్ను ఊరుకో, ఊరుకో అంటున్నది ఇందుకన్నమాట! ఊరకపోతే అమ్మలాగే చెడిపోతానని వాళ్ళ భయం. ఇంత మంచి ఉపాయం ఉంటే ఎలా చెయ్యాలో చెప్పకుండా ఉత్తినే వీపు నిమిరి పోతారేమిటీ పెద్దవాళ్ళు అని కోపం కూడా వచ్చింది.

మర్నాడు అమ్మమ్మ మళ్ళ నుంచి వచ్చే వేళకి నేను నూతి దగ్గర పశువులకి నీళ్ళు పెట్టే గోలెంలో ఉన్నాను. పీకల్లోతు నీళ్ళు. పెరట్లో ఉప్పు కుప్ప ఉండనే ఉంది. గౌనులో ఎత్తి తెచ్చి, నీళ్ళలో పోసి, కాసింత పసుపు కూడా చల్లి, లోపల మఠం వేసుకుని కూర్చున్నాను. మూత లేదు కాబట్టి నెత్తి మీద చేట పెట్టుకున్నాను. మోకాలి మీద గీసుకుపోయిన చోట భగ్గుమని మండుతున్నా కదల్లేదు. కదపకూడదు కదా! సూరి బావే ముందు చూసి, "నానమ్మో, గుంట గోలెంలో ఉన్నాదే!" అని కేకలు పెట్టాడు. అమ్మమ్మ పరుగున వచ్చి చేట ఎత్తి చూసింది.

"ఒసే, ఏటే ఈ పని? నీకేటైనాదే?"

"ఊరుకోమన్నారు కదా" అన్నాను. "అందుకే ఊరుకుంటన్నాను."

అమ్మమ్మ ముందు నావైపు చూసింది. పసుపు నీళ్ళని, చేటని చూసింది. మళ్ళీ నావైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నూతి గట్టు పట్టుకుని, కడుపు పట్టుకుని, నేల మీద చతికిలబడి నవ్వింది. నౌపడ వచ్చాక ఆవిడ పళ్ళు నేను చూడడం అదే మొదలు. ఆ నవ్వు ఎక్కడ తిరిగిందో తెలియదు. నన్ను గోలెంలోంచి లాగి, ఆ ఉప్పునీళ్ళతోనే గుండెకి హత్తుకుని, "నా తల్లే, నా తల్లే" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. నా తల్లే అన్నది నన్నో, నాలో పోలికలున్న మా అమ్మనో ఇప్పటికీ చెప్పలేను. ఊరు ఊరంతా దడి దగ్గర చేరింది. ఆడవాళ్ళు లోపలికొచ్చి, "ఊరుకో అప్పాయమ్మొదినా, ఊరుకో" అంటూ ఆవిడ భుజాలు పట్టుకున్నారు. నేను గర్వంగా వాళ్ళ వైపు తిరిగి, "ఊరుకుంటన్నాది. సూడండి, అమ్మమ్మకి ఊటొస్తన్నాది" అన్నాను.

ఆ రోజు నుంచి సూరి బావకి నేను ఊరగాయనైపోయాను. అమ్మమ్మకీ నాకూ మధ్య మాత్రం అది ఒక రహస్యపు మాటగా మిగిలింది. పొద్దు వాలే వేళకి పని ముగించి, "పదవే, ఊరదాం" అనేది. ఇద్దరం వెళ్ళి ఉప్పు మడి గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ చుట్ట వెలిగించి, మా వైపు ఆడవాళ్ళ పద్ధతిలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. అడ్డచుట్ట. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడడం కుదరదు, నెమ్మదిగా తప్ప ఊపిరి తీయడం కుదరదు. ఇప్పటి డాక్టర్లు వింటే గుండెలు బాదుకుంటారు, న్యాయమే. నేను మాత్రం ఆ నిశ్శబ్దాన్ని పీల్చాను, పొగని కాదు అని సరిపెట్టుకుంటాను.

గట్టు మీద కూర్చోడానికి ఒక నియమం ఉండేది. గాలి పడిపోయిన వేళ మడిలోని చిక్కటి నీటి మీద ఉప్పు పువ్వు పడుతుంది. అద్దం మీద ఊదినప్పుడు కమ్మే ఆవిరి ఎంత పల్చగా ఉంటుందో అంత పల్చటి తెల్లటి పొర. ముందు ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, రెండూ ఎప్పుడు కలిశాయో చూస్తుండగానే తెలియదు. కాసేపటికి అది బరువెక్కి మునుగుతుంది. పువ్వు పడేటప్పుడు రాయి విసరకూడదు, కాలు ముంచకూడదు. "ఊపిరి కూడా మెల్లగా ఒగ్గు. గట్టిగా ఒగ్గితే పువ్వు సెదిరిపోతాది" అని ముందే చెప్పి చుట్ట నోట్లో పెట్టుకునేది. నేను నమ్మేశాను. ఊరందరి ఉప్పూ నా ముక్కు మీదే ఆధారపడి ఉన్నట్టు, పిసరంత పిసరంత ఊపిరి వదిలేదాన్ని. నీటిలో ఆకాశం గులాబీ రంగుకి తిరిగేది. కొంగలు వెళ్ళేవి, పైనా కిందా కూడా. అమ్మ గుర్తొస్తే కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతట అవే వచ్చి బుగ్గ మీదుగా జారేవి. వెక్కితే పువ్వు చెదిరిపోతుంది కనుక వెక్కేదాన్ని కాదు. అమ్మమ్మా అంతే. ఇద్దరం మాట్లాడకుండా ఊరేవాళ్ళం. చీకటి పడకముందే లేచి, ఆకలేసి ఇంటికి వచ్చేవాళ్ళం. నీలంగా మారే నా పెదాల సంగతి క్రమంగా అందరూ మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. ఊరుకోవడం అంటే అసలు అర్థం తెలిసిపోయింది. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, తెలియక ఛస్తుందా! గోల చేసే పిల్లల్ని "ఊరుకోండర్రా" అని బెత్తంతో బల్ల మీద కొట్టాను. అప్పుడు ఇంట్లో ఎవరికీ ధ్యానం అనే మాట తెలియదు. అయినా ప్రతి ఇంట్లోనూ ఏమీ చెయ్యకుండా కూర్చునే వేళ ఒకటి ఉండేది. బియ్యం ఏరుతున్నట్టో, చుట్ట కాలుస్తున్నట్టో దానికి ఏదో ఒక సాకు మాత్రం ఉండాలి. ఇప్పుడు సాకు అక్కర్లేదు, దానికే ఒక గంట కేటాయించారు. ఫోన్లో గంట మోగితే కళ్ళు మూసి, మళ్ళీ మోగితే తెరుస్తున్నాం. అప్పటిదే గొప్ప, ఇప్పటిది బూటకం అనను. గట్టు లేని ఊళ్ళో మేడ మీద హాలైనా ఉండడం నయమే. కాకపోతే నన్ను నేను మూత బిగించిన జాడీలా మోసుకుని ఆ హాలుకి వెళ్ళాను. మూత తీయకుండా లోపల ఏముందో చూడమంటే ఎక్కడ కనిపిస్తుంది?

జాడీ వచ్చిన మర్నాడు ధ్యానానికి వెళ్ళాను. కిటికీలోంచి పొద్దుటెండ పడి ఆ తెల్లటి పలకలు తడిసినట్టు మెరుస్తున్నాయి. శిరీష ఎప్పటిలాగే "కళ్ళు మూసుకోండి" అంది. నేను మూసుకోలేదు. ఆ నేల కేసి చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా అది మడి అయింది. అంచున ఎక్కడో ఒక చుక్క, పక్కన ఇంకో చుక్క. "మెల్లగా ఒగ్గు" అంది చుట్ట పొగ వాసన వేసే గొంతు. పిసరంత వదిలాను. ఇంకో పిసరు. పువ్వు చెదరలేదు.

అప్పుడు మా ఆయన వచ్చారు. పెద్ద మాటలేం చెప్పలేదు. ఒంట్లో రక్తపోటు ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పటి నుంచీ రోజూ భోజనాల బల్ల దగ్గర మజ్జిగ గ్లాసు పైకెత్తి, రమ వైపు తిరిగి, నాకు వినబడేలా అనే మాటే అన్నారు. "నౌపడ పిల్లని చేసుకుని ఉప్పుకి మొహం వాచిపోయానమ్మా." అంతే. ఆ మాటకి నేను కసురుకోవడం, ఆయన నవ్వుతూ చప్పటి మజ్జిగ తాగెయ్యడం. ఇక ఆ మాట ఎవరూ అనరు. చిటికెడు ఉప్పు కోసం నన్ను బతిమాలేవాళ్ళు ఇక లేరు. అది ఎనిమిది నెలల తర్వాత, ఆ మేడ మీద, నాకు మొదటిసారి తెలిసింది.

నీళ్ళు వాటంతట అవే వచ్చాయి. వెక్కలేదు. గడ్డం మీంచి చీర మీదకి, చేతుల మీదకి జారుతున్నాయి, నాలిక కొసకి ఉప్పగా తగులుతున్నాయి. ఇన్ని నెలలుగా గొంతు దగ్గర ఆగిపోయిన ఊపిరి మెల్లగా కిందికి దిగి, ఛాతీ దాటి, కడుపు దాకా వెళ్ళింది. పక్కనున్నావిడ గాభరాపడి పిలిచినట్టుంది, శిరీష పరిగెత్తుకొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. నా వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అంది.

"ఊరుకుంటన్నానమ్మా" అన్నాను. "కాసేపు కదపకు."